వర్సిటీ దగ్గర 600 గజాలు: కింద దుకాణాలు, పైన గదులు. పూత లేని ఎర్ర ఇటుకతో కట్టవచ్చా?

పొలంగట్టు

అందరికీ నమస్కారం. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి దగ్గరలో, విజయవాడ–గుంటూరు రహదారి సర్వీసు రోడ్డుకు ఆనుకుని మాకు 600 గజాల స్థలం ఉంది. రోడ్డు వెంట 60 అడుగులు, లోపలికి 90. రోడ్డు పడమర వైపు. నాన్నగారు ఉద్యోగ విరమణ సొమ్ము దీని మీద పెడదామంటున్నారు. కింద అయిదారు దుకాణాలు, పైన రెండు అంతస్తులు విద్యార్థులకు గదులు, ఆ పైన లెక్చరర్ల కుటుంబాలు ఉండేలా చిన్న ఫ్లాట్లు. ఇదీ ఆలోచన.

నా కోరిక ఒక్కటే. రోడ్డు వైపు గోడంతా ఎర్ర ఇటుక, పూత లేకుండా కనిపించాలి. ఆ దారిలో ఇప్పుడు లేస్తున్నవన్నీ నీలం అద్దాలు, వెండి రంగు రేకులు. రెండేళ్లు తిరిగేసరికి దుమ్ము కొట్టుకుపోయి పాత బస్సు అద్దంలా ఉంటున్నాయి. ఒకసారి అహ్మదాబాద్ ఐఐఎంకు శిక్షణ కోసం వెళ్లి నాలుగు రోజులు ఆ ఇటుక వసారాల్లో తిరిగాను. అప్పటి నుంచి మనసు అక్కడే ఉండిపోయింది.

మా మేస్త్రి "ప్లాస్టరింగ్ డబ్బు మిగులుతుంది, కట్టేద్దాం" అన్నాడు. ప్లాను గీసే ఆయన "ఎందుకండీ తలనొప్పి, ఇటుక బొమ్మ ఉన్న టైల్స్ అంటించుకోండి" అన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. నేల నల్లరేగడి. నాన్నగారికి వాస్తు పట్టింపు ఉంది.

రసమట్టం

చివర్లో రాసిన ముక్క మొదట రాయవలసింది. నల్లరేగడి! వేసవిలో ఆ నేల చేయి దూరేంత బీటలు తెరుస్తుంది, వానలకు ఉబ్బి మూసుకుంటుంది. పైన ఉన్న కట్టడాన్ని ఏటా కాస్త ఎత్తి దించుతూ ఉంటుంది. పూత ఉన్న గోడకు సన్న బీట వస్తే లప్పం పెట్టి రంగు వేసి దాచుకుంటారు. పూత లేని గోడలో బీట మాలు వెంట మెట్లు మెట్లుగా దిగుతుంది, రోడ్డున పోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. అందుకని మీ ముందుగోడ అందం పునాదిలో మొదలవుతుంది.

కనీసం మూడు చోట్ల బోరు వేసి మట్టి పరీక్ష చేయించండి. ఫ్రీ స్వెల్ ఇండెక్స్, అంటే నీళ్లలో మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె, 50 శాతం దాటితే అది బాగా ఉబ్బే మట్టి. అలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్‌రీమ్డ్ పైల్స్ అనే లోతైన పునాది స్తంభాలను రూపొందించింది. పైల్ కాండం కంటే దాదాపు రెండున్నర రెట్లు వెడల్పుగా అడుగున ఒక గడ్డ ఉంటుంది. తడి మారని లోతులో ఆ గడ్డ పట్టు బిగిస్తే, పై మట్టి ఎంత ఉబ్బినా పైల్ కదలదు. నేల మట్టంలో గోడలను మోసే ప్లింత్ బీము కూడా మట్టికి ఆనకుండా కింద ఖాళీ వదలాలి. ఇది మరిచిపోయినవాళ్లు చాలామంది. పైల్స్ బాగానే వేస్తారు, బీము నేల మీదే పోస్తారు, ఉబ్బిన మట్టి బీమును పైకి తోస్తుంది. నాలుగంతస్తుల బరువుకు అండర్‌రీమ్డ్ సరిపోతాయా, గట్టి పొర దాకా లోతైన పైల్స్ కావాలా అన్నది నివేదిక చెప్పాలి. నేను కాదు, మీ మేస్త్రి అసలే కాదు.

తట్టాతాపీ

చివరి మాట కాస్త గుచ్చుకుంది సార్, అయినా ఒప్పుకుంటాను. మా నాన్న తాపీ మేస్త్రి. ఆయన దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు చిన్న కాంట్రాక్టులు చేస్తున్నాను.

పొలంగట్టు గారూ, ప్లాస్టరింగ్ డబ్బు మిగలదు. ఆ మాట అన్న మేస్త్రి ఇంతవరకూ పూత లేని గోడ కట్టలేదని అర్థం. పూత వెనక అన్ని తప్పులూ దాక్కుంటాయి. ఇటుక వంకర, మాలు మందం, అటు ఒకటి ఇటు ఒకటి పెట్టిన ముక్కలు, అన్నీ. పూత లేకపోతే దాక్కోవడానికి చోటు లేదు. లారీ ఇటుక దింపితే అందులో ముఖానికి పనికొచ్చేవి ఏరి పక్కన పెట్టాలి. నా అనుభవంలో అవి సగం దాటలేదు. మూల విరిగినవి, పొగ తగిలి నల్లబడినవి, ఉడకక నారింజ రంగులో ఉన్నవి వెనక గోడలకు పోతాయి. మామూలు గోడ కట్టే వేగంలో సగం కూడా రాదు. మేము రోజుకు మూడడుగులకు మించి లేపము. సాయంత్రం దిగే ముందు ఆ రోజు కట్టిన గోడ మీద మాలు మరకలు గోనెపట్టాతో తుడిచేయాలి. తెల్లారితే సిమెంటు పట్టుకుంటుంది. అప్పుడు యాసిడ్ పోసి కడుగుతారు, ఆ యాసిడ్ గోడలోకి దిగి మరో జబ్బు తెస్తుంది.

ఇంకొకటి. ఇటుకల మధ్య గాడి లోతుగా తీస్తే నీడ పడి ఫొటోలో బాగుంటుంది. ఆ గాడిలో వాననీరు నిలిచి లోపలికి పీల్చుకుంటుంది. గాడిని ఇటుక ముఖానికి సమంగా నొక్కి, పై అంచు కొంచెం లోపలికి ఉండేలా వాలుగా తీయించండి. ఫొటో సంగతి తరువాత.

రూమ్14

నేను ఆ ప్రాంతంలోనే అయిదేళ్లు చదువుకున్నాను, మూడు ప్రైవేటు హాస్టళ్లు మారాను. ఇటుకో టైల్సో నాకు తెలియదు. అందులో ఉండబోయేవాళ్ల తరఫున రెండు మాటలు చెబుతాను.

బట్టలు ఎక్కడ ఆరేయాలి? మీరు నవ్వవచ్చు కానీ ఏ ప్లానులోనూ దీనికి చోటు ఉండదు. నలభై మంది ఆడపిల్లలు, డాబా మీద నాలుగు తీగలు. వాన వస్తే గదిలో మంచానికీ కిటికీకీ మధ్య తాడు కట్టుకుని తడి బట్టల కింద పడుకునేవాళ్లం. గోడలకు చెమ్మ పట్టి నల్లటి మచ్చలు వచ్చేవి. ఆ మచ్చలకు ఓనరు గారు మమ్మల్నే తిట్టేవారు. కిటికీ బయట ఆరేస్తే రోడ్డు మీద నుంచి కనిపిస్తాయని అదీ వద్దనేవారు.

రెండోది మెట్లు. నేనున్న ఒక భవనంలో గదులకు వెళ్లే మెట్లు చికెన్ పకోడీ బండికీ, మద్యం దుకాణం సందుకూ మధ్యలో ఉండేవి. సాయంత్రం ఏడు దాటితే ఒక్కరమే వెళ్లేవాళ్లం కాదు. మెట్ల గుమ్మం ఎటు ఉంటుందో ముందు చెప్పండి, ఇటుక రంగు తరువాత ఎంచుకుందురు.

చెట్టునీడ

రూమ్14, మీ రెండు ప్రశ్నలకూ ఆయన ఇటుక గోడ దగ్గరే జవాబు ఉంది. నేను వాస్తుశిల్పిని. ఇరవై ఏళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను.

పొలంగట్టు గారి అసలు ఇబ్బంది ఆయన రాసిన మరో ముక్కలో ఉంది. రోడ్డు పడమర. అంటే ఆయన మోజుపడుతున్న గోడ పడమటి ఎండకు ఎదురుగా నిలబడుతుంది. గుంటూరు ఎండల గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు ఒక గుణం ఉంది: వేడిని వెంటనే లోపలికి పంపదు, ఆరేడు గంటలు తనలో దాచుకుంటుంది. పగలు పనిచేసి సాయంత్రం తాళం వేసే ఆఫీసుకు అది వరం. విద్యార్థి గది అలా కాదు. పగలంతా ఖాళీ, రాత్రి నిండు. నాలుగు గంటల ఎండ సరిగ్గా రాత్రి పదకొండుకు మంచం పక్కన గోడలోంచి బయటికి వస్తుంది. మే నెలలో ఆ గోడ మీద అరచేయి పెట్టి చూడండి, అన్నం వార్చిన గిన్నెలా ఉంటుంది.

కాబట్టి ఆ గోడకు ఆనుకుని గదులు పెట్టకండి. పడమర వైపు ప్రతి అంతస్తులోనూ అయిదారడుగుల వెడల్పున వసారా ఇవ్వండి. వసారా బయటి అంచున ఇటుక జాలీ, అంటే మధ్య మధ్య సందులు వదిలిన గోడ, కట్టండి. రోడ్డు మీద నుంచి చూసేవారికి మీరు కోరుకున్న ఎర్ర ఇటుక ముఖం అదే. ఎండ జాలీ మీద ఆగిపోతుంది, గాలి దాటుతుంది, గది గోడ నీడలో ఉంటుంది. లారీల చప్పుడుకు కూడా గదులు ఒక అడుగు వెనక్కి జరిగినట్టే. ఆ వసారాలో తీగలు కడితే బట్టలు ఆరుతాయి, బయటికి కనిపించవు.

ఐఐఎం మాట వచ్చింది కాబట్టి: అక్కడ మిమ్మల్ని ఆకట్టుకున్నది ఇటుక ఒక్కటే కాదు, ఆ భవనాలు గీసిన వాస్తుశిల్పి లూయీ కాన్ ఆ గోడల వెనక వదిలిన లోతైన నీడ. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 2020 డిసెంబరులో ఆ సంస్థ అక్కడి 18 వసతి గృహాల్లో 14 కూల్చి కొత్తవి కడతామంది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక 2021 జనవరిలో అప్పటికి వెనక్కి తగ్గింది. ఇటుకలు పొడిబారడం, గోడల్లో పెట్టిన ఇనుము తుప్పుపట్టి ఇటుకలను పగలగొట్టడం అక్కడి కారణాల్లో ఉన్నాయి. కాన్ కట్టిన గోడకే తప్పని జబ్బు మన గోడకు రాదనుకోవడం పొరపాటు.

ఈశాన్యం

నైరుతి మూల బరువుగా ఉండాలి, మెట్లు అక్కడ పెట్టవచ్చు. మరుగుదొడ్లు వాయవ్యానికి. ఈశాన్యం ఖాళీగా, పల్లంగా. నాన్నగారికి ఇది చెప్పండి, మిగిలినవి ఆయనే ఒప్పుకుంటారు.

చెట్టునీడ

ఈశాన్యం గారూ, మీతో ఎప్పుడూ పేచీ పడే నేను ఈసారి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మెట్లు నైరుతిలో, స్నానాల గదులు వాయవ్యంలో పెడితే పడమటి ఎండ ఎక్కువగా తగిలే రెండు మూలలూ మనుషులు పడుకోని చోట్లకు పోతాయి. నేను ఎండ లెక్క చెప్పి ఒప్పించలేనిది మీరు రెండు వాక్యాల్లో ఒప్పించారు.

రసమట్టం

జాలీ ఆలోచన బాగుంది, నా షరతులు వినండి. నాలుగున్నర అంగుళాల జాలీ పదడుగుల ఎత్తున ఊరికే నిలబడదు. స్లాబుకూ స్లాబుకూ మధ్య ప్రతి మూడు నాలుగడుగులకు ఒక సన్న కాంక్రీటు పట్టీ, రెండు వైపులా కాలమ్‌కు కట్టు ఉండాలి. తుఫాను గాలికైనా, భూకంపానికైనా ముందు ఊడి రోడ్డు మీద పడేది అదే. కింద దుకాణాల ముందు జనం నిలబడి ఉంటారు. పట్టీలోని కడ్డీకి చుట్టూ సరైన కవరు, అంటే కప్పి ఉంచే కాంక్రీటు మందం, లేకపోతే చెట్టునీడ గారు చెప్పిన తుప్పు కథే. జాలీని రెయిలింగు అనుకోకండి. ఫోను మాట్లాడుతూ పిల్లలు దాని మీదే వాలతారు. లోపలి వైపు వేరుగా ఇనుప రెయిలింగు ఉండాలి. వసారా మొత్తం జాలీతో మూసేయకండి. మంటలు వస్తే నిచ్చెన వేసి దింపడానికి ప్రతి అంతస్తులో తెరుచుకునే చోట్లు కావాలి.

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్న. బైకులు ఎక్కడ?

పొలంగట్టు

ముందు సగం దుకాణాలు, వెనక సగం స్తంభాల మీద ఖాళీగా వదిలి పార్కింగ్ అనుకున్నాం సార్. మండువా ఇల్లులా మధ్యలో పన్నెండడుగుల ఖాళీ పై దాకా వదిలితే వెలుతురు వస్తుందని కూడా. పక్క స్థలాల్లో రేపు ఎలాగూ భవనాలు లేస్తాయి, కిటికీలు మూసుకుపోతాయి.

రసమట్టం

అదే అనుకున్నాను. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూమి కంపిస్తే, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడలు లేని పార్కింగ్ ఉంది. పై అంతస్తులకు ఇటుక గోడలు బిగువునిస్తాయి, కింద స్తంభాలు ఒంటరిగా ఉంటాయి. ఊగినప్పుడు వంగేదంతా ఆ ఒక్క అంతస్తే. అందుకే భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1893, 2002 ప్రతిలో అలాంటి అంతస్తు స్తంభాలను రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయమంది. 2016 ప్రతి ఆ నియమాలను ఇంకా బిగించింది. ఆ ప్రతి ప్రకారం విజయవాడ ఓ మోస్తరు భూకంప ప్రమాదం ఉన్న మూడో జోను.

షట్టర్లున్న దుకాణాలు కూడా ఈ లెక్కలో పార్కింగే, ముందు వైపు గోడ ఉండదు కదా. పైగా మీ భవనంలో దుకాణాల మధ్య అడ్డుగోడలు ముందు సగానికి, వెనక సగం ఖాళీ. బిగువు ఒక పక్కకు పోతే భవనం ఊగడంతో ఆగదు, మెలితిరుగుతుంది. మెట్ల చుట్టూ, లిఫ్టు చుట్టూ, వెనక వైపు కూడా కాంక్రీటు గోడలు పై దాకా వేయించండి. ఖర్చు పెరుగుతుంది. దీన్ని తగ్గించి ఇటుక ముఖానికి డబ్బు పెడతానంటే నేను ఈ చర్చలోంచి లేచి వెళ్లిపోతాను.

ఇటుక బరువు కూడా తక్కువేమీ కాదు. తొమ్మిదంగుళాల గోడ, తొమ్మిదడుగుల ఎత్తు, ఒక్క మీటరు పొడవు తీసుకుంటే టన్నుకు పైగా తూగుతుంది. గదుల మధ్య గోడలన్నీ మట్టి ఇటుకే కానక్కరలేదు.

అద్దెఇల్లు

మాది తిరుపతి. విశ్వవిద్యాలయం దగ్గర ఇలాంటిదే ఒకటి కట్టి పదకొండేళ్లుగా అద్దెకిస్తున్నాను. అందంతో నాకు సంబంధం లేదు, అనుభవం చెబుతాను.

మండువా మంచిదే. కానీ దాని అడుగు బైకుల పార్కింగ్‌లోకి తెరుచుకోకూడదు. ఇప్పుడు సగం బండ్లు కరెంటువి. రాత్రి అక్కడే చార్జింగు పెట్టి పడుకుంటారు. ఒక బ్యాటరీ అంటుకుంటే మీ మండువా పొయ్యి గొట్టం అవుతుంది, పొగంతా గదుల గుమ్మాల ముందుకే. మండువాను మొదటి అంతస్తు స్లాబు మీద మొదలుపెట్టండి. వాననీటికి గొట్టం వేరే దించండి. చార్జింగు పాయింట్లు మెట్లకు దూరంగా, ప్రహరీ పక్కన పెట్టండి.

దుకాణాలను తక్కువగా చూడకండి. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా గదులు బోసిపోతాయి. బ్యాంకు వాయిదా ఆ నెలల్లో జిరాక్స్ షాపు, మందుల షాపు కట్టాయి. కానీ టిఫిన్ సెంటరు వస్తానంటే జాగ్రత్త. పెనం పొగ ఎటు పోతుందో ముందే గొట్టం కట్టి డాబా పైకి తీసుకెళ్లాలి. నేను కట్టలేదు. మొదటి అంతస్తు కింద రంగు మూడు నెలల్లో జిడ్డు పట్టింది. నాది పూత గోడ కాబట్టి మళ్లీ రంగు వేశాను. మీ ఇటుక నూనె పీల్చుకుంటే దేనితో కడుగుతారు? వాళ్ల కడుగునీళ్లు జిడ్డు తొట్టి దాటాకే మురుగు గొట్టంలో కలవాలి. లేకపోతే పై అంతస్తు స్నానాల గదుల్లో నీరు ఎగదన్నుతుంది. అది కూడా నాకు జరిగింది, ఒక ఆదివారం, ఇంట్లో చుట్టాలున్న రోజు.

ఆఖరిది, మీరు కలలో కూడా ఊహించనిది: బోర్డులు. ప్రతి దుకాణదారుడూ దిగిన మర్నాడే డ్రిల్లింగు మిషను తెస్తాడు. మీరు ఏరి ఏరి కట్టిన ఇటుకలకు పదహారు రంధ్రాలు, వాటి మీద పన్నెండడుగుల ఫ్లెక్సీ.

చెట్టునీడ

అద్దెఇల్లు గారి చివరి పేరా ఫ్రేము కట్టించి మా ఆఫీసులో పెట్టుకోవాలి. షట్టర్ల పైన రెండున్నర అడుగుల కాంక్రీటు పట్టీ పొడవునా వదలండి. బోర్డు బిగించే ప్లేట్లు అందులో పోతపోసేటప్పుడే పెట్టించండి, కరెంటు పాయింటు కూడా అక్కడికే ఇవ్వండి. బోర్డు ఈ పట్టీలోనే ఉండాలని అద్దె ఒప్పందంలో రాయండి. ఇటుక పట్టీ పైనే మొదలవుతుంది. చేతులు, సంచులు, బైకు హ్యాండిళ్లు తగిలే నేల అంతస్తులో పూత లేని ఇటుక అసలు వద్దు, అక్కడ కడపరాయో గ్రానైటో వేయండి.

మిగతా మూడు వైపులా మామూలు పూత గోడలే చాలు. తుఫానులు మనకు తూర్పు నుంచి వస్తాయి, ఆ జల్లు పూత గోడ మీద పడుతుంది. నైరుతి వానల జల్లు మాత్రం జాలీ మీద పడుతుంది, కానీ దాని వెనక గది లేదు, వసారా ఉంది. వసారా గచ్చు బయటికి వాలు ఉంటే సరి. ప్రతి స్లాబు అంచు అడుగున నీటి గాడి తీయండి, లేకపోతే నీరు అంచు పట్టుకుని ఇటుక మీదికి పాకి నల్లటి చారలు పెడుతుంది.

తట్టాతాపీ

జాలీ రంధ్రాలు మూడంగుళాలు దాటనివ్వకండి అక్కా. దాటితే పావురాలకు అద్దె లేని గదులే.

వెనక గోడలకూ అడ్డుగోడలకూ ఫ్లైయాష్ ఇటుక వాడండి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద దగ్గరే కాబట్టి మన వైపు దొరకడం కష్టం కాదు. కొలత ఒకేలా వస్తుంది, పూత పలచగా సరిపోతుంది. దానికి ఎర్ర రంగు కలిపి ముందువైపు పెడతామంటారు కొందరు, ఒప్పుకోవద్దు. నాలుగు ఎండలకు వెలిసి గులాబీ రంగులోకి తిరుగుతుంది. మట్టి ఇటుకను కట్టే ముందు బాగా నానబెట్టాలి, ఫ్లైయాష్ ఇటుకకు పైపైన తడి చాలు. బీము కింద చివరి వరసను వారం ఆగి కట్టండి. కింది మాలు కుంగి స్థిరపడ్డాక బిగించకపోతే అక్కడే గీత పడుతుంది.

గోడ మెరవాలని వార్నిష్ పూయమంటారు. లోపలి చెమ్మ బయటికి రాలేక అది పొరలుగా లేస్తుంది. గాలి ఆడనిచ్చే సిలేన్ రకం ద్రవం ఉంది, మెరవదు, కనిపించదు. కొన్నేళ్లకోసారి మళ్లీ కొట్టాలి.

ఈశాన్యం

ఒక పక్క మాట. ఆ వర్సిటీకి ఎవరి పేరు పెట్టారో ఆయన పేరే ఉన్న నాగార్జునకొండలో మహాచైత్యాన్ని, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపాన్ని, బండిచక్రం ఆకారంలో కట్టారు. కుండ, ఆకులు, చుట్టూ కమ్మీ, అన్నీ ఇటుక గోడలే. మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. ఒక్కో ఇటుక 20 అంగుళాల పొడవు. ఈ గడ్డకు ఇటుక కొత్తది కాదు, నీలం అద్దమే కొత్తది.

పొలంగట్టు

గది గోడలకు వాస్తుశిల్పి లారీ బేకర్ గారు కేరళలో ప్రచారం చేసిన ర్యాట్‌ట్రాప్ బాండు వాడితే ఎలా ఉంటుంది? మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి చల్లగా ఉంటుందని, ఇటుక కూడా తగ్గుతుందని చదివాను.

రసమట్టం

తగ్గుతుంది. మన 230×110×75 మిల్లీమీటర్ల ఇటుకకు పది మిల్లీమీటర్ల మాలుతో లెక్క కట్టాను. మామూలు తొమ్మిదంగుళాల గోడకు చదరపు మీటరుకు 98 ఇటుకలు పడితే, ఇటుకను అంచు మీద నిలబెట్టే ఈ పద్ధతిలో 77 పడతాయి. బరువూ అంతమేరకు తగ్గుతుంది. ఫ్రేము మధ్య గోడగా నాకు అభ్యంతరం లేదు. వసారా వైపు గది గోడకు వాడండి. అయితే కరెంటు పైపులు, స్విచ్చి పెట్టెలు ఎక్కడ వస్తాయో గోడ లేవకముందే గీసి ఇవ్వాలి. తరువాత ఎలక్ట్రీషియన్ సుత్తి పట్టుకుని వచ్చాడా, బోలు గోడ గల్లంతే. స్నానాల గది గోడలకు వద్దు.

రూమ్14

గదికి ఇద్దరా, నలుగురా? అది ఇంతవరకూ చెప్పలేదు.

పొలంగట్టు

మూడు వారాల తరువాత వస్తున్నాను, క్షమించండి. అందరి మాటలూ అచ్చు తీసి నాన్నగారికి చదివి వినిపించాను. "వసారా అంటే మన ఊళ్లో తాతగారి ఇంటి వసారాయే కదా, దీనికి అహ్మదాబాద్ దాకా పోవాలా" అన్నారు. మెట్లు నైరుతిలో, గుమ్మం దక్షిణం పక్క దారిలోంచి. దుకాణాల ముందు నుంచి కాదు. దారిలో దీపాలు, పగలూ రాత్రీ ఒక మనిషి. గదికి ఇద్దరే, రూమ్14 గారూ. మూడో మంచం పట్టేలా కొలతే ఇవ్వవద్దని చెట్టునీడ గారు విడిగా సలహా ఇచ్చారు. మట్టి నివేదికలో స్వెల్ ఇండెక్స్ 70 దాటింది. పైల్స్ తప్పవు. ఆ ఖర్చుకు లెక్చరర్ల ఫ్లాట్ల అంతస్తు ప్రస్తుతానికి ఆగింది, కాలమ్‌లు మాత్రం దానికి సరిపడా వేయిస్తున్నాం.

టిఫిన్ సెంటరు దగ్గర ఇంట్లో రాజీ కుదరలేదు. నాన్నగారు తన పాత విద్యార్థికి మాట ఇచ్చేశారు. పొగ గొట్టం, జిడ్డు తొట్టి ఖర్చు మాదే అయ్యేలా ఉంది.

రెండు బట్టీల నుంచి ఇటుకలు తెచ్చి పరీక్షించాను. ఆరబెట్టి తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచాను. మొదటి బట్టీది 2.94 కిలోలు ఉన్నది 3.45 అయింది, అంటే 17 శాతం పైచిలుకు నీరు పీల్చింది. రెండో బట్టీది 2.81 నుంచి 3.44కు, అంటే 22. మట్టి ఇటుకల ప్రమాణం ఐఎస్ 1077 ఈ తరగతి ఇటుకకు 20 దాటకూడదంటుంది కాబట్టి రెండోది పోయింది. తరువాత ఉప్పు పరీక్ష. పళ్లెంలో అంగుళం నీళ్లు పోసి ఇటుక నిలబెట్టి, నీరంతా ఇంకి ఆరాక ఇంకోసారి పోశాను. ఇక్కడే దిగులు పట్టుకుంది. నీళ్లు పీల్చడంలో నెగ్గిన మొదటి బట్టీ ఇటుకకే పై సగమంతా తెల్లగా ఉప్పు పూసింది, వేలితో రాస్తే పొడి రాలుతోంది. ఇక ఎర్ర ఇటుక ఆశ వదులుకోవాలా?

తట్టాతాపీ

పళ్లెంలో ఏ నీళ్లు పోశారు?

పొలంగట్టు

స్థలంలో వేసిన కొత్త బోరు నీళ్లు. ఎందుకు?

తట్టాతాపీ

ఆ పరీక్షకు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మీరు చూసిన ఉప్పు ఇటుకదో, నీళ్లదో ఇప్పుడు చెప్పలేము. బట్టీవాడిని తిట్టకముందు మళ్లీ చేయండి. ఒక పళ్లెంలో డిస్టిల్డ్ వాటర్, ఇంకో దానిలో మీ బోరు నీళ్లు, రెండింటిలోనూ అదే బట్టీ ఇటుక. బోరు పళ్లెమే తెల్లబడితే మీ ఇటుక మంచిదే. కానీ ఆ నీళ్లతో మాలు కలిపి, నెల రోజులు గోడ తడిపితే ముందుగోడంతా అలాగే తెల్లబడుతుంది.

రసమట్టం

ఆ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ప్రయోగశాలకు కూడా ఇవ్వండి. క్లోరైడులు ఎక్కువ ఉంటే అవి ఇటుకకే కాదు, కాంక్రీటులోని ఇనుముకు కూడా శత్రువులు. పైల్స్ పోయకముందే తెలియడం మంచిది.

పొలంగట్టు

బ్యాటరీల షాపులో అయిదు లీటర్ల డబ్బాలు రెండు కొన్నాను. పాత పళ్లేలు రెండూ గీతలు పడి తెల్లబడ్డాయని అమ్మ ఇంకొకటి ఇవ్వనంటోంది. ప్లాస్టిక్ తొట్టిలో చేస్తే తేడా ఏమైనా వస్తుందా?

తట్టాతాపీ

రాదు. తొట్టి మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే ఒకసారి కడిగి పెట్టండి, బోరు నీళ్లతో కాదు.